మూడో బిడ్డ కన్నా ముందు, వెళ్లిపోతున్న బిడ్డ

మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే ఆ బిడ్డ పేరున 50 వేల రూపాయలు డిపాజిట్ చేస్తానని, మగపిల్లవాడు పుడితే ఆవును ఇస్తానని 2025 మార్చిలో విజయనగరం పార్లమెంటు సభ్యుడు కలిశెట్టి అప్పలనాయుడు ప్రకటించారు. అంతకు కొద్ది నెలల ముందు, 2024 నవంబరులో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ మరో పని చేసింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో పోటీ చేయరాదని మూడు దశాబ్దాలుగా ఉన్న నిబంధనను ఎత్తేసింది. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం పథకంలో ఒక ఇంట్లో ఎంతమంది బడికి వెళితే అంతమందికీ డబ్బు జమ అవుతోంది. జనాభా తగ్గిపోతోందన్న బెంగతో పాలకులు ఏ వైపు అడుగు వేస్తున్నారో ఈ మూడూ చెబుతున్నాయి.

ఆ బెంగకు ఆధారం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున పుడుతున్న పిల్లలు 1.7. తరం తర్వాత తరం జనాభా నిలకడగా ఉండాలంటే అది 2.1 ఉండాలి. రేపటి రోజున పనిచేసే చేతులు తగ్గి, చూసుకోవాల్సిన వృద్ధులు పెరుగుతారన్నది నిజం. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలు పలచబడుతున్న తీరు వేరు. ఇక్కడ కొరత పురిటి గదిలో మొదలు కాలేదు. పుట్టి, పెరిగి, పని చేయగల వయసుకు వచ్చిన మనిషి ఊరు విడిచి వెళ్లడంలో మొదలైంది. ఈ తేడాను గుర్తించకుండా ఎన్ని ప్రోత్సాహకాలు ప్రకటించినా, పుట్టే మూడో బిడ్డ కూడా ఇరవై ఏళ్లకు అన్నయ్య వెళ్లిన రైలే ఎక్కుతాడు.

చేతిలో ఉన్న పూర్తి లెక్క 2011 జనగణనదే. 2021లో జరగాల్సినది జరగలేదు. 2001 నుంచి 2011 దాకా పదేళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 11 శాతం పెరిగితే, శ్రీకాకుళం జిల్లా 6.5 శాతం, విజయనగరం జిల్లా 4.2 శాతం మాత్రమే పెరిగాయి. పల్లెల వరకే చూస్తే పెరుగుదల దాదాపు లేదు. శ్రీకాకుళం గ్రామీణ జనాభా పదేళ్ల తర్వాత కూడా 22.6 లక్షల దగ్గరే ఉంది. విజయనగరం గ్రామీణ జనాభా సుమారు 18.4 లక్షల నుంచి 18.5 లక్షలకు చేరింది. కొన్ని పెద్ద ఊళ్లను పట్టణాల కింద లెక్కించడం ఇందుకు కొంత కారణం. ఆ సవరణ తీసేసి జిల్లా మొత్తాన్ని చూసినా, పుట్టుకల నుంచి మరణాలు తీసేస్తే రావలసిన పెరుగుదలలో పెద్ద భాగం కనిపించడం లేదు.

ఆ జనం ఏమయ్యారో స్త్రీ పురుషుల నిష్పత్తి చెబుతుంది. 2011లో వెయ్యి మంది పురుషులకు శ్రీకాకుళంలో 1015 మంది, విజయనగరంలో 1019 మంది స్త్రీలున్నారు. ఉమ్మడి రాష్ట్ర సగటు 993. ఆడవాళ్లను గౌరవించే జిల్లాలని ఈ అంకెలను మెచ్చుకోవడం కద్దు. అదే జనగణనలో ఆరేళ్లలోపు పిల్లల్ని చూస్తే ఈ రెండు జిల్లాల్లోనూ మగపిల్లలే ఎక్కువ. పసివాళ్లలో ఎక్కువగా ఉన్న మగవాళ్లు మొత్తం జనాభాకు వచ్చేసరికి తక్కువైపోయారు. ఆడవాళ్లు ఎక్కువ కాలం బతకడం వల్ల కొంత తేడా వస్తుంది. మిగతా తేడా హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో, చెన్నైలో అపార్ట్‌మెంట్ల పునాదుల్లో, గుజరాత్ రేవుల్లో ఉంది.

వలస ఈ నేలకు కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల మనుషులు ఓడలెక్కి బర్మా వెళ్లారు. రంగూన్ రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ బరువులు మోశారు. రంగం (రంగూన్) వెళ్లిన తాత కథ లేని పాత కుటుంబం తూర్పు తీరంలో అరుదు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక వేలమంది అడవుల గుండా కాలినడకన తిరిగొచ్చారు, దారిలో ఎందరో రాలిపోయారు. ఆ తర్వాత ఖరగ్‌పూర్, భిలాయ్, విశాఖపట్నం. అయితే ఆ వలసకు ఒక తీరు ఉండేది. మగవాడు వెళ్లేవాడు, ఇల్లు ఊళ్లో ఉండేది. అతను పంపిన డబ్బుతో మడిచెక్క కొనేవారు, పెంకుటిల్లు లేపేవారు. మనిషి ఎక్కడున్నా మనసు, మదుపు ఊరి మీదే. గత పాతిక ముప్ఫై ఏళ్లలో మారింది ఇదే. ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ పనికి వెళుతున్నారు, పిల్లల చదువు నగరంలోనే మొదలవుతోంది, మిగిలిన డబ్బు నగర శివారులో ఇంటి స్థలం మీదకు పోతోంది. ఊళ్లో అవ్వా తాతలు మిగులుతున్నారు. సంక్రాంతికి నాలుగు రోజులు నిండే వీధి కనుమ దాటిన వారానికే ఖాళీ అవుతోంది.

ఎందుకు వెళుతున్నారన్న ప్రశ్నకు కరవు అని చెప్పి తప్పించుకోవడం కుదరదు. రాయలసీమలో అనంతపురానికి ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాపున వాన పడితే, శ్రీకాకుళానికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి పడుతుంది. నాగావళి, వంశధార, చంపావతి, మహేంద్రతనయ, బాహుదా ఉన్నాయి. గెడ్డలు లెక్కలేనన్ని. నీరు ఉంది, అది పొలంలో నిలవదు. వంశధార మీద నేరడి బ్యారేజీ కోసం రెండు తరాలు ఎదురుచూశాయి. ఒడిశాతో వివాదం మీద 2010లో ట్రైబ్యునల్ ఏర్పడింది, 2017లో తుది తీర్పు చెప్పి బ్యారేజీకి అనుమతించింది. బ్యారేజీ ఇంకా లేదు. హిరమండలంలో 19 టీఎంసీల జలాశయం కోసం ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేశాయి, ఆ జలాశయాన్ని నిండా నింపే ఏర్పాటు మాత్రం వెనకబడింది. విజయనగరంలో తారకరామ తీర్థసాగరం రెండు దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. జంఝావతి రాష్ట్ర సరిహద్దు గొడవలో చిక్కి రబ్బరు డ్యాంతో సరిపెట్టుకుంది. నాగావళి మీద తోటపల్లి ఒక్కటే 2015లో జాతికి అంకితమై, ఆయకట్టులో చెప్పుకోదగ్గ మార్పు తెచ్చింది.

ఒక్క వరి పంట, అదీ వాన మీద ఆధారపడినది. ఆ తర్వాత పెసలో మినుములో చల్లి, నూర్పులయ్యాక ఊళ్లో పని ఉండదు. జనవరి చివరి నుంచి జూన్ దాకా అయిదు నెలలు ఖాళీగా ఉండే ఇంటికి పని కావాలి. ఒకప్పుడు ఆ ఖాళీని కొంతవరకు నింపినవి గోగునార, చెరకు, వాటి మీద ఆధారపడిన మిల్లులు. నెల్లిమర్ల జూట్ మిల్లు గేటుకు ఎన్నిసార్లు తాళం పడిందో అక్కడి కార్మిక కుటుంబాలకు తెలుసు. చిట్టివలస మిల్లు 2009లో ఆగింది. ఆమదాలవలస సహకార చక్కెర కర్మాగారం ఎప్పుడో మూతపడింది, భీమసింగి ఆగిపోయింది, సీతానగరం దగ్గర లచ్చయ్యపేటలో చెరకు రైతులు బకాయిల కోసం రోడ్డెక్కాల్సి వచ్చింది. కర్మాగారం మూతపడినప్పుడు దాని గేటు లోపలి ఉద్యోగాలనే లెక్కిస్తాం. చెరకు నరికే మనిషి, బండి తోలే మనిషి, కాటా దగ్గర టీ కొట్టు నడిపే మనిషి ఆ లెక్కలోకి రారు. రైలెక్కేది ముందు వాళ్లే.

ఉద్దానం కథ ఇంకా బరువైనది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల కొబ్బరి, జీడి తోటలు ఒకప్పుడు ఆ ప్రాంతానికి కోనసీమతో సాటి వచ్చే పేరు తెచ్చాయి. మూత్రపిండాల జబ్బు మొదట కూలి చేసుకునే మగవాళ్లను పడగొట్టింది, వైద్యం కోసం తోటలు అమ్మించింది. దాని అసలు కారణం ఇంకా తేలలేదు. దాని మీద 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి కొబ్బరి చెట్లను వరసలు వరసలుగా నేలకూల్చింది. కొబ్బరి మొక్క నాటి కాపు అందుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు తినాలంటే కుర్రవాడు బయటికి వెళ్లాలి. ఈ ప్రాంతం విషయంలో ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం అన్యాయం. హిరమండలం నుంచి 700 కోట్ల రూపాయల మంచినీటి పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలిసిస్ రోగులకు నెలకు 10 వేల రూపాయల పెన్షన్ అందుతోంది. ఊరు నిలబడాలంటే ఏం చేయాలో ఈ పని చూపింది. నమ్మకంగా తాగే నీళ్లుండాలి, జబ్బు చేస్తే విశాఖ దాకా పరుగెత్తక్కర్లేని ఆసుపత్రి ఉండాలి. అందులో నిపుణులైన వైద్యులు నిలకడగా ఉండాలన్నది తర్వాతి మెట్టు.

తీరం వెంట ఇంకో రకం ఖాళీ. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. అంత తీరంలో పెద్ద మరపడవ ఆగడానికి సరైన రేవు లేదు. తెప్ప మీద వెళ్లే మత్స్యకారుడికి దరిదాపు సముద్రంలో చేప తగ్గింది, లోతుకు వెళ్లే బోటును కట్టేసే చోటు లేదు. అందుకే ఎచ్చెర్ల మండలం బడివానిపేట, డి.మత్స్యలేశం, కె.మత్స్యలేశం లాంటి ఊళ్ల మగవాళ్లు రెండు వేల కిలోమీటర్ల దూరంలోని గుజరాత్ వేరావల్‌కు వెళ్లి అక్కడి యజమానుల బోట్లలో కలాసీలుగా, బోటును నడిపించే తండేళ్లుగా పనిచేస్తున్నారు. ఆగస్టులో వెళితే వేసవిలో ఇల్లు చేరతారు. 2018 నవంబరులో అలా వెళ్లినవారి బోట్లు సరిహద్దు దాటాయని పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది మత్స్యకారులు కరాచీ జైల్లో ఏడాదికి పైగా గడిపి 2020 జనవరిలో వాఘా దగ్గర మన నేల మీద కాలు పెట్టారు. వాళ్ల కథ 2025లో సినిమాగా వచ్చింది, జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ జైలు నుంచి వచ్చిన మూడు నెలలకే కరోనా లాక్‌డౌన్‌లో వేరావల్ రేవులో చిక్కుకున్న మన మత్స్యకారుల సంఖ్య నాలుగు వేలు దాటిందని బయటపడింది. బోట్ల మీదే రోజుల తరబడి ఉన్నారు. చివరికి బస్సుల్లో ఇళ్లకు చేర్చారు.

నాలుగు వేల మంది అక్కడ ఉన్నారని రాష్ట్రానికి తెలియడానికి ఒక మహమ్మారి రావలసి వచ్చింది. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది చనిపోయినప్పుడూ ఇంతే. శిథిలాల కింద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారం తిరిగేసరికి తిరువళ్లూరు జిల్లాలో గోడ కూలి గుడిసెల్లో నిద్రపోతున్న 11 మంది కూలీలు పోయారు, వారిలోనూ మనవాళ్లే. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ మేస్త్రి తెచ్చాడో రాసిపెట్టిన కాగితం ప్రభుత్వం దగ్గర లేదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది. తీసుకెళ్లే కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలని, ప్రతి కూలికి పాస్‌బుక్ ఇవ్వాలని, ప్రయాణ భత్యం చెల్లించాలని అందులో ఉంది. ఆ పాస్‌బుక్ చూసిన కూలీని వెతికి పట్టుకోవడం కష్టం. ఇప్పుడు ఆ చట్టం కొత్త కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. అమలు చేసే కార్మిక శాఖ అధికారుల సంఖ్య పెరగకుండా, కోడ్ మారినందువల్ల మేస్త్రి అలవాటు మారదు.

మనుషులు లెక్కలో లేకపోవడం వల్ల ఈ ప్రాంతం ఇప్పటికే ఒకసారి నష్టపోయింది. అది చాలామందికి గుర్తులేదు. 2001 జనగణన ఆధారంగా శాసనసభ నియోజకవర్గాలను పునర్విభజించి 2009 ఎన్నికల నుంచి అమలు చేశారు. రాష్ట్రంలో మొత్తం స్థానాలు 294 మారలేదు. జనం పెరిగిన చోట స్థానాలు పెరిగాయి, పెరగని చోట తగ్గాయి. శ్రీకాకుళం జిల్లాకు 12 ఉండేవి, 10 అయ్యాయి. సోంపేట, హరిశ్చంద్రపురం, కొత్తూరు, ఉణుకూరు పోయి పలాస, రాజాం వచ్చాయి. విజయనగరానికి 12 ఉండేవి, 9 మిగిలాయి. నాగూరు, తెర్లాం, ఉత్తరాపల్లి, భోగాపురం, సతివాడ చెరిగిపోయి కురుపాం, నెల్లిమర్ల కొత్తగా చేరాయి. పక్కనే విశాఖ జిల్లా 13 నుంచి 15కు పెరిగింది. హైదరాబాద్ చుట్టూ పెరిగిన స్థానాల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మన కూలీ హైదరాబాద్ వెళ్లి అక్కడ మేడలు కట్టాడు, ఆ మేడలతో పాటు ఆ నగరపు శాసనసభ్యుల సంఖ్యనూ పెంచాడు. అతని ఓటు మాత్రం ఊళ్లోనే ఉంది. ఎన్నికల ముందు రాత్రి పార్టీలు పంపే బస్సులో వచ్చి ఓటేసి, తిరుగు బస్సెక్కి వెళ్లిపోతాడు. అయిదు ప్రతినిధి స్థానాలు పోవడమంటే నీటి ప్రాజెక్టు గురించి, మిల్లు గురించి శాసనసభలో అడిగే అయిదు గొంతులు పోవడమే.

ఇది మళ్లీ జరగబోతోంది. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఇంటింటికీ వెళ్లి మనుషుల్ని లెక్కించేది దానికి ముందు ఫిబ్రవరిలో. లెక్కింపు కాలమంతా ఇంట లేనివారిని వాళ్లు ఎక్కడుంటే అక్కడే లెక్కిస్తారు. ఫిబ్రవరిలో మన మత్స్యకారులు గుజరాత్ సముద్రం మీద ఉంటారు. నూర్పులు, పండగ రెండూ ముగించుకుని వెళ్లిన కూలీలు భవనాల పనుల్లో ఉంటారు. సంక్రాంతి రోజున తీసిన లెక్కకూ, ఫిబ్రవరిలో తీసిన లెక్కకూ ఈ రెండు జిల్లాల్లో కనిపించే తేడా మరే జిల్లాలోనూ ఉండదేమో. ఆ లెక్క మీదే రేపటి స్థానాలు, నిధులు, బడులు, ఆసుపత్రులు ఆధారపడతాయి.

తలల లెక్క మీద నడిచే విధానంలో ఉన్న చిక్కంతా ఇదే. కొందరు వెళ్లిపోతారు, బడిలో పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గారని టీచరును తగ్గిస్తారు, లేదా పై తరగతులను పక్క ఊరి బడిలో కలుపుతారు. 2022లో వచ్చిన 117 నంబరు జీవో మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు గెడ్డ దాటి వెళ్లలేని పసిపిల్లల తల్లులు గగ్గోలు పెట్టారు. 2025లో ఆ జీవోను రద్దు చేయడం మంచి పని. కానీ కొత్త ఏర్పాటులోనూ టీచర్ల సంఖ్యను నిర్ణయించేది పిల్లల సంఖ్యే. ఒక్క టీచరున్న బడిలో బిడ్డను ఉంచడం ఇష్టం లేని తండ్రి కుటుంబాన్ని కూడా తీసుకెళతాడు. దాంతో బస్సుకు టికెట్లు తగ్గుతాయి, బస్సు ఒక ట్రిప్పు తగ్గుతుంది. ఊళ్లో ఉన్న అవ్వ ఆసుపత్రికి వెళ్లాలంటే ఆటో మాట్లాడుకోవాలి. ఇలా ప్రతి సేవా పక్క సేవను లాక్కుని వెళుతుంది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల మీద సవర, జాతాపు గూడేల్లో ఈ వరస ఇంకా తొందరగా నడుస్తుంది.

మూడో బిడ్డ ఆలోచనకు మళ్లీ వద్దాం. అదే కుటుంబ ఆరోగ్య సర్వే మరో మాట చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు కనే వయసులోని వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. దేశంలోనే ఇది పై వరసలో ఉన్న అంకె. చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఇరవై అయిదు దాటకుండానే ఆపరేషన్. దశాబ్దాల పాటు ఆరోగ్య కార్యకర్తలు గుమ్మం గుమ్మానికీ తిరిగి అలవాటు చేసిన దారి అది. ఆ తల్లికి ఇప్పుడు మూడో బిడ్డను కనమని చెప్పడం వల్ల ఒరిగేది లేదు. ఆ దారిలో నడవని కొత్త తరానికి చెప్పినా, దక్షిణ కొరియా అనుభవం కళ్ల ముందుంది. ఏళ్ల తరబడి ఎంతో ఖర్చు చేసి, తల్లిదండ్రులకు నేరుగా డబ్బిచ్చి కూడా 2023లో ఆ దేశపు సంతాన సగటు 0.72కు పడిపోయింది. బిడ్డను కనడానికి ముందు ఆ బిడ్డ ఎక్కడ బతుకుతాడన్న ప్రశ్నకు జవాబు కావాలి.

మరి చేయవలసింది ఏమిటి? దేశంలోనే దారులున్నాయి. ఉత్తరాఖండ్‌లో అల్మోరా, పౌరి గఢ్వాల్ జిల్లాల జనాభా 2011లో ముందటి దశాబ్దం కన్నా తగ్గింది. ఆ రాష్ట్రం 2017లో వలసల కోసమే ఒక కమిషన్ వేసింది. అది ఊరూరా తిరిగి, 2011 తర్వాత 734 గ్రామాలు పూర్తిగా ఖాళీ అయ్యాయని 2018లో లెక్క తేల్చింది. కమిషన్ వేసినంత మాత్రాన కొండలు నిండలేదు. అయినా ఏ ఊరు ఎందుకు ఖాళీ అయిందో చెప్పే పత్రం చేతికి వచ్చింది. కేరళ ఇంకా ముందే మేల్కొంది. తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయనాల కేంద్రం 1998లో మొదలుపెట్టిన వలసల సర్వే అక్కడ కొన్నేళ్లకోసారి జరుగుతోంది. ఎవరు వెళ్లారు, ఎక్కడికి, ఎంత పంపుతున్నారు, ఎంతమంది తిరిగొచ్చారు అన్నది ఆ ప్రభుత్వానికి తెలుసు. ఉత్తరాంధ్రకు అలాంటి సర్వే ఒక్కటీ లేదు. ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది, విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది, ఊళ్లలో గ్రామ సచివాలయాలు, వాటిలో ఉద్యోగులు ఉన్నారు. జనగణన కన్నా ముందే ఈ రెండు జిల్లాలతో పాటు పార్వతీపురం మన్యం జిల్లాలోనూ వలస సర్వే చేయడానికి కావలసిన మనుషులందరూ ఇక్కడే ఉన్నారు. లేనిదల్లా ఆదేశమే.

ఊళ్లో ఉన్నవాళ్ల పక్షాన చూస్తే, అన్నిటికన్నా ముందు తేల్చవలసినది కౌలు సంగతి. భూమి యజమాని నగరంలో ఉంటాడు, సాగు చేసేది మరొకరు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు కార్డుకు యజమాని అంగీకారం కావాలంది. హైదరాబాద్‌లో ఉన్న యజమాని సంతకం కోసం పండగ దాకా ఆగాలి, అప్పటికి పంట అయిపోతుంది. పైగా భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది సంతకం పెట్టరు. కార్డు లేక బ్యాంకు రుణం రాదు, తుపాను వస్తే పరిహారం యజమాని ఖాతాకు వెళుతుంది. రెండేళ్లు నష్టపోయిన కౌలుదారు మూడో ఏడు తానే వలసపోతాడు, ఆ పొలంలో సరుగుడు లేచి నిలబడుతుంది. రణస్థలం, లావేరు, పూసపాటిరేగ వైపు రోడ్డుకు రెండు పక్కలా పెరిగిన సరుగుడు తోటలు మనుషుల అవసరం లేని సాగుకు ఆనవాళ్లు. ఉభాలకు (నాట్లకు) కూలీలు దొరక్క ఎద చల్లుతున్న పల్లాలూ అంతే. పంట ఎవరు పండిస్తున్నారో గ్రామ సచివాలయ ఉద్యోగి పొలంలో చూసి రాసిన నమోదునే రుణానికీ పరిహారానికీ ఆధారం చేయాలి. యజమాని హక్కుకు భంగం లేదని అదే పత్రంలో రాసి ఇవ్వవచ్చు.

ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు దేశంలోని తొలి 200 జిల్లాల్లో విజయనగరం ఒకటి. వేసవి ఖాళీ నెలల్లో ఊళ్లోనే కూలి దొరకడం వల్ల, ముఖ్యంగా ఆడవాళ్లు, వెళ్లకుండా ఆగిన మాట నిజం. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం పని దినాలను 125కు పెంచింది, ఖర్చులో 40 శాతం రాష్ట్రాలు భరించాలంది. సాగు ముమ్మరంగా ఉండే కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపవచ్చంది. అప్పుల్లో ఉన్న రాష్ట్రం తన వాటా పెట్టలేక పనులు కుదిస్తే, ఆ భారం ముందు పడేది ఒంటి పంట జిల్లాల మీదే. జనవరి నుంచి జూన్ దాకా ఈ జిల్లాల్లో పని ఆగకుండా చూసే హామీని రాష్ట్రం తన బడ్జెట్‌లోనే విడిగా పెట్టుకోవాలి.

బడి, బస్సు, ఆరోగ్య కేంద్రం విషయంలో కొలమానం మారాలి. ఎంతమంది ఉన్నారన్న దాని బదులు, ఎంత దూరం వెళ్లాలన్నది ప్రమాణం కావాలి. పిల్లలు పదిహేను మందే అయినా ఇద్దరు టీచర్లను ఉంచడం ఖర్చే. ఆ ఊరు కూడా వెళ్లిపోయాక ఏ పథకం పెట్టి వెనక్కి తెస్తాం? వృద్ధుల విషయంలో నెలకు 4 వేల పెన్షన్ పెద్ద ఆసరా. వరుసగా రెండు నెలలు ఊళ్లో లేకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తామన్న నిర్ణయం, పిల్లల దగ్గరకు వెళ్లి వచ్చే అవ్వలకు నిజంగా మేలు చేసింది. అయితే కొడుకు చెన్నైలో, కోడలు చెన్నైలో ఉన్న ఇంట్లో పక్షవాతం వచ్చిన తండ్రికి డబ్బు ఒక్కటే చాలదు. అన్నం పెట్టే మనిషి కావాలి. స్వయం సహాయక సంఘాల మహిళలకు జీతమిచ్చి ఇంటి దగ్గర వృద్ధుల సంరక్షణ అప్పగిస్తే ఒక ఖర్చుతో రెండు ఇళ్లు నిలబడతాయి.

వెళ్లినవాళ్లకూ రాష్ట్రం తోడు వెళ్లాలి. హైదరాబాద్, చెన్నై, వేరావల్‌లలో తెలుగు మాట్లాడే కార్మిక అధికారి ఒకరు, ఫోన్ ఎత్తే కార్యాలయం ఒకటి ఉంటే మౌలివాక్కం లాంటి రోజున బంధువులు శవాల మధ్య తామే వెతుక్కునే గతి తప్పుతుంది. మత్స్యకార ఊళ్లకు బుడగట్లపాలెం హార్బరు, మంచినీళ్లపేట జెట్టీ పేర్లు ఏళ్లుగా వినిపిస్తున్నాయి. ఆ ఊళ్లకు వాటి కన్నా పెద్ద జనాభా విధానం మరొకటి లేదు. రేవు ఉంటే బోటు ఉంటుంది, బోటు ఉంటే తండేలు ఇక్కడే ఉంటాడు.

పెద్ద ప్రాజెక్టులు రెండు కళ్ల ముందు లేస్తున్నాయి. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరున అంతర్జాతీయ విమానాశ్రయం, సంతబొమ్మాళి మండలం మూలపేటలో ఓడరేవు. రెండింటి కోసమూ ఊళ్లు ఖాళీ చేశాయి. మూలపేట, విష్ణుచక్రం కుటుంబాలు తాతల నాటి ఇళ్లు వదిలి పునరావాస కాలనీకి నడిచాయి. ఇలాంటి చోట తరచూ జరిగేది ఒకటే. కట్టేటప్పుడు మట్టి మోసే పని స్థానికులకు, కట్టాక యంత్రం నడిపే పని బయటివాళ్లకు. అర్హులు దొరకలేదని సంస్థలు అంటాయి. ఆ మాట చాలాసార్లు నిజమే, ఎందుకంటే అర్హులను తయారు చేయడం ఎవరూ ముందుగా మొదలుపెట్టలేదు. క్రేన్ నడపడం, కంటెయినర్ యార్డు నిర్వహణ, సముద్ర భద్రత, విమానాశ్రయ సరుకు రవాణా, శీతల గిడ్డంగుల మరమ్మతు లాంటి కోర్సులు టెక్కలి, శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి ఐటీఐలలో ఈ ఏడే మొదలు కావాలి. భూమి ఇచ్చిన ఇళ్ల పిల్లలకు సీట్లు కేటాయించాలి, ఎన్ని పోస్టులకు స్థానికులను తీసుకుంటారో ఒప్పందంలోనే రాయించుకోవాలి. మూలపేటకు తొలి సరుకు నౌక వచ్చే నాటికి ఈ కోర్సుల మొదటి బ్యాచ్ బయటికి రావాలంటే, ప్రవేశాల ప్రకటన వచ్చే విద్యా సంవత్సరం దాకా ఆగడానికి వీల్లేదు.